పాతపట్నం అక్క సంతకం

కొత్త భవనం కట్టుకున్న సందర్భంలో మా ఊరి గ్రంథాలయం వాళ్ళు ఒక ప్రత్యేక సంచిక వేస్తూ, దాని ప్రూఫులు నాకు తెచ్చిచ్చారు. నన్ను రాయమని అడగలేదు. అచ్చుతప్పులు చూసిపెట్టమని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి అంతవరకు పనికొస్తానని అనుకున్నారు. వచ్చినవాళ్ళలో ఒకతను మర్యాద కోసం, "మీరు కూడా చిన్నప్పుడు లైబ్రరీకి వెళ్ళేవారా మేడమ్?" అన్నాడు. వెళ్ళేదాన్ని అన్నాను. ఏ రోజుల్లో, ఎందుకు అని అడుగుతాడేమో అని చూశాను. టీ తాగి లేచిపోయాడు. ఇలాంటివి నేను మరిచిపోను. నీకదొక జబ్బు అని మా అన్నయ్య అనేవాడు. మరిచిపోవడం వల్ల వాడికి జీవితంలో చాలా సుఖం దొరికింది కాబట్టి అలా అనేవాడు.

ప్రూఫుల్లో రెండో పేజీ గ్రంథాలయ చరిత్ర. పెంకుటిల్లు ఇచ్చినవారి పేరు, రేడియో ఇచ్చినవారి పేరు, బీరువాలు చేయించినవారి పేరు, చివరికి వరండాలో నీళ్ళకుండ పెట్టించినవారి పేరు కూడా తండ్రి పేరుతో సహా వేశారు. ఆ కింద ఒక వాక్యం ఉంది. "కొంతకాలం మధ్యాహ్నం పూట మహిళల కొరకు ప్రత్యేక విభాగం నడిపినప్పటికీ, మహిళలు రానందున దానిని మూసివేయడమైనది." నేను ఎర్ర పెన్ను పట్టుకుని ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. దిద్దడానికి అందులో అక్షరదోషం ఒక్కటీ లేదు.

మర్నాడు ఉదయమే వెళ్ళి ఇప్పటి లైబ్రేరియన్ అమ్మాయిని పట్టుకున్నాను. మంచి పిల్ల. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఈ వాక్యం అబద్ధం, మహిళలు వచ్చేవారు, రోజూ వచ్చేవారు, రెండేళ్ళు వచ్చారు, ఆ గది నేనే చూసుకునేదాన్ని అని చెప్పాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "అయ్యో, మాకు తెలీదండీ. పాత కాగితాల్లో అలాగే ఉంది. ఎవరెవరు వచ్చేవారో పేర్లు రాసివ్వండి అమ్మా, తప్పకుండా మారుస్తాం. ఆదివారానికి ప్రెస్సుకి వెళ్ళిపోతుంది" అంది. అంత తేలికగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. దెబ్బలాటకు సిద్ధపడి వెళ్ళినదాన్ని, చేతులు ఖాళీగా ఇంటికొచ్చాను. ఒక తెల్లకాగితం తీసుకుని మొదట మా అమ్మ పేరు రాశాను. దాని కింద నా పేరు రాశాను. మూడో పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

మా ఊరు విజయనగరం నుంచి రాయగడ వెళ్ళే దారిలో, గజపతినగరం దాటాక వస్తుంది. అప్పటి గ్రంథాలయం సంతవీధి మొదట్లో ఉన్న పెంకుటిల్లు. ముందు వరండా, వెనక పెద్ద హాలు, ఆ వెనక ఒక చీకటి గది, దాని వెనక పెరడు, నుయ్యి. గోగు పంట కోతల తరువాత ఊరి చెరువులన్నిటిలో నార కోసం కట్టలు నానబెట్టేవారు కదా, ఆ కుళ్ళు వాసన ఊరంతా రెండు నెలలు ఉండేది. గ్రంథాలయంలోకి అడుగుపెడితే ఆ వాసన మీద ఇంకో వాసన వచ్చి కూర్చునేది. పుస్తకాల మధ్య ఎండిన వేపాకు, అట్టలకు పూసే మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, వరండాలో కూర్చున్నవాళ్ళ చుట్టల పొగ. లైబ్రరీ మాస్టారు సూర్యనారాయణ గారు పొద్దున్నే జిగురు ఉడకబెట్టుకుని చిరిగిన పుస్తకాలు అతికించుకునేవారు. ఆయన వేళ్ళు ఎప్పుడూ కొద్దిగా నీలంగా ఉండేవి. సాయంత్రం వరండాలో రేడియో పెట్టేవారు. దాని నోరు వీధి వైపు ఉండేది. రైతులకు ఎరువుల సంగతులు, ధరలు చెప్పేది. చదువు రానివాళ్ళ కోసం పేపరు ఒకాయన పైకి చదివేవాడు. మనియార్డర్ ఫారాలు రాసిపెట్టేవారు, బస్సు వేళలు పలక మీద రాసేవారు, మశూచికి టీకాలు వేసేవాళ్ళు వచ్చినా అక్కడే బల్ల వేసుకునేవారు. ఊరికి అక్కర ఉన్న పనులన్నీ ఆ వరండాలో జరిగేవి. ఊరంటే మగవాళ్ళు.

ఎస్సెల్సీ ప్యాసయిన సంవత్సరం మా నాన్న నన్ను కాలేజీకి పంపలేదు. ఆయన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, గ్రంథాలయ కమిటీలో సభ్యుడు, ఊళ్ళో అందరి పిల్లలకూ చదువు విలువ చెప్పేవాడు. మా అన్నయ్య లెక్కల్లో రెండుసార్లు తప్పినా వాడికి విజయనగరంలో గది తీసి పెట్టాడు. నేను మొదటిసారికే ప్యాసయ్యాను, ఇంట్లో ఉండిపోయాను. ఏడ్చి ఏడ్చి నేను అన్నం మానేస్తే, మా నాన్న లైబ్రరీ మాస్టారితో ఏదో మాట్లాడి, మధ్యాహ్నం పూట ఆ వెనక గదిలో ఆడవాళ్ళ కోసం పుస్తకాలు పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. పై నుంచి అప్పుడే ఒక ఉత్తరం వచ్చిందట, ప్రతి గ్రంథాలయంలోనూ మహిళలకు ఏర్పాటు ఉండాలని. "కాస్త చూసుకో అమ్మా" అని మాస్టారు తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఉద్యోగం కాదు, నియామకం కాదు. నన్ను ఊరుకోబెట్టడానికి ఇచ్చిన తాళంచెవి.

రెండు గంటలకు, మగవాళ్ళు భోజనాలు చేసి పడుకున్నాక, ఆడవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వచ్చేవారు. వీధి గుమ్మంలోంచి ఒక్కరు కూడా రెండేళ్ళలో రాలేదు. మొదటివారం మా అమ్మ ఒక్కతే వచ్చి కూర్చుంది, నాకు తోడుగా. ఆ తరువాత పక్కింటివాళ్ళు, వాళ్ళ తోడికోడళ్ళు, ఆ పైన నాయుళ్ళ వీధివాళ్ళు. ఉత్త చేతులతో ఎవరూ వచ్చేవారు కాదు. ఒకామె దూది తెచ్చుకుని వత్తులు చేసుకునేది, ఒకామె చింతపండు పిక్క తీసుకునేది, ఒకామె చంటిపిల్లను కాళ్ళ మీద వేసుకుని ఊపేది. చేటల్లో చోళ్ళు, అదే రాగులు, చెరుగుతుంటే నాకు దగ్గు వచ్చేది. నేను పైకి చదివేదాన్ని. వారపత్రిక వరండాలో మగవాళ్ళు మూడు రోజులు నలిపాక మా గదికి వచ్చేది, అది కూడా ఎవరో పదరంగం పజిల్ కత్తిరించుకోగా దాని వెనక ఉన్న సీరియల్ కథలో పెద్ద కన్నంతో. ఆ కన్నంలో ఏముండేదో మేమే కల్పించుకునేవాళ్ళం. హాల్లోంచి మాస్టారు తలుపు మీద కొట్టి, "కొంచెం నెమ్మదిగా" అనేవారు. వరండాలో రేడియో బజారు చివరికి వినపడేది. దాన్ని నెమ్మదిగా అనడం నేను ఎప్పుడూ వినలేదు.

అందరిలోకీ పెద్దది సన్నాసి తల్లి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ గుమ్మంలో కూర్చునేది. కథలో హీరోయిన్ ఏడ్చిన ప్రతిసారీ చుట్ట తీసి, "దీనికి పనేటీ నేదేటే, తెల్లారి లేస్తే ఏడుపే. నాలుగు బిందెలు నీలు తెమ్మను, ఏడుపు మానేస్తాది" అనేది. మా అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఇంట్లో మా అమ్మ నవ్వడం నేను అంతగా చూడలేదు.

వీళ్ళందరికీ ఉత్తరాలు కూడా నేనే రాసిపెట్టేదాన్ని. సగం ఇళ్ళలో మగవాళ్ళు ఖరగ్‌పూర్‌లో, భిలాయిలో పనుల్లో ఉండేవారు. ఉత్తరం రాయడం తేలిక, చిరునామా రాయడమే కష్టం. పెనిమిటి పేరు నోట్లోంచి రాకూడదు కదా. ఒకసారి ఒకామె ఖరగ్‌పూర్‌కి పంపడానికి కార్డు తెచ్చింది.

"పేరు చెప్పు వదినా."

"ఆరి పేరే."

"ఆరి పేరే, ఏమిటది?"

"సింహాచలం కొండ మీదున్నాడు సూడు, ఆ దేముడు."

"అప్పన్నా?"

"అలగే, కానీ సివర అలగ కాదు."

మా వైపు మగవాళ్ళలో సగం మంది అప్పన్నలే. నేను వరసగా అడగడం మొదలుపెట్టాను. "అప్పలస్వామా? అప్పలనాయుడా? అప్పారావా?" ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. సన్నాసి తల్లి ఓపిక పట్టలేక, "ఓలమ్మా, మంత్రీ, బంటూ, మధ్యన కుర్సీ మీద ఎవుడు కూకుంటాడే, సెప్పీ బేగి, నా సుట్ట అయిపోతన్నాది" అంది. "రాజు" అని నలుగురూ అరిచారు. అప్పలరాజు అని రాస్తే ఆమె తల దించుకుని నవ్వింది. అందరం నవ్వాం. ఆ నవ్వులో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమై ఉంటే జాగ్రత్త పడేదాన్ని.

పాతపట్నం అక్క వేరే రకం. ఒడిశా సరిహద్దు దగ్గర పాతపట్నంలో పుట్టి మా వీధికి కోడలుగా వచ్చింది కాబట్టి ఆమెను అందరూ పాతపట్నం అనేవారు, చిన్నవాళ్ళం అక్క కలిపేవాళ్ళం. నాకంటే పదేళ్ళు పెద్ద. వచ్చినవాళ్ళలో కథ వినడానికి కాక అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చింది ఆమె ఒక్కతే. మాస్టారి జిగురు గిన్నెలో మిగిలిన పొడిబారిన అడుగుతో నేల మీద గీసుకునేది, పలక తెచ్చుకుంటే అత్తగారు చూస్తుందని. పుస్తకం తెరిచి ముందు పేజీలు లెక్కపెట్టుకునేది, ఎకొ, దుయి, తిని, చారి అని ఒడియాలో. "ఇన్ని సదవాలా? సరే, ఈ జన్మకి ఒకటి అవుతాది" అనేది. కొంగు నుదుటి మీదికి లాక్కుని, వేలు ఒక్కొక్క అక్షరం కింద పెట్టి చదివే ఆ మనిషిని చూసి నేను మొదటిసారి టీచరు కావాలనుకున్నాను. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

కమిటీ ప్రెసిడెంటు గారికి మా గది మీద కన్ను ఉండేది. మధ్యాహ్నాలు ఆయనా నలుగురు పెద్దమనుషులూ చీట్లపేక ఆడుకోవడానికి చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఒకరోజు వరండాలో నిలబడి, నాకు వినపడేటట్టు, "ఆడాళ్ళు సోది చెప్పుకోడానికి గవర్నమెంటు గదులివ్వాలా?" అన్నాడు. అది కాదని చూపించుకోవాలంటే రిజిస్టరు పెట్టాలని మాస్టారు చెప్పారు. జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి వస్తారు, ఎంతమంది వస్తున్నారో చూస్తారు, ఉంటే గది ఉంటుంది, లేకపోతే లేదు. నేను గళ్ళు గీశాను. పేరు, తండ్రి లేక భర్త పేరు, చదివిన పుస్తకం, సంతకం.

మొదటిరోజు సన్నాసి తల్లినే ముందు అడిగాను. "నా పేరేటే, సన్నాసి తల్లి" అంది. అలాగే రాశాను. బొండపల్లి నుంచి వచ్చిన కోడలు బొండపల్లామె, కరణం గారి రెండో కోడలు చిన్నకోడలు, ఖరగ్‌పూర్ కార్డు తెచ్చినామె రాజు పెళ్ళాం అని పక్కవాళ్ళు చెప్పారు, ఆమె చెప్పలేదు. మా అమ్మను కూడా అడగలేదు, హెడ్మాస్టారి భార్య అని రాశాను. భర్త పేరు గడి మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా ఖాళీయే, వాళ్ళు పలకరు, నేను నింపలేదు. ఆ పేర్లు తప్పని నాకు తోచలేదు. ఊళ్ళో ఎవరిని నిలబెట్టి అడిగినా ఆ పేర్లతో ఆ మనుషుల ఇళ్ళు చూపిస్తారు. అవి కాక ఇంకో పేరుంటుందని, అది అడగాలని, ఆ గదిలో ఉన్న పదిహేను ఇరవై మందిలో ఎవరికీ తోచలేదు. ఒక్కోరోజు వేలిముద్రలు, ఒక్కోరోజు నేనే గీసిన గీతలు. పాతపట్నం అక్క మాత్రం మూడో నెలలో, "ఒగ్గీ, నాను రాస్తాను" అని పెన్ను లాక్కుంది. నాలుక బయటపెట్టి, సంతకం గడిలో 'పాతపట్నం' అని రాసింది. రాసి, కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకుని, కన్నీళ్ళు పెట్టుకుంది. సన్నాసి తల్లి చుట్ట తీసి, "రాసినావా? ఇంకేటి, ఆలపిల్లవైపోనావు" అంది. దొరసానివైపోయావని ఆమె భాష.

తనిఖీ అధికారి మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. మంచివాడు. ఈ మాట నేను ఎన్నో ఏళ్ళు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మా గదిలోనే బల్ల వేశారు. ఆయనా, ప్రెసిడెంటు గారూ, మాస్టారూ, మా నాన్నా కుర్చీల్లో కూర్చున్నారు. "మీ పాఠకులు ఏరమ్మా?" అని ఆయన నన్ను అడిగాడు. వాళ్ళందరూ పెరట్లో నూతి దగ్గర ఉన్నారు. ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు, గది నిలబెట్టుకోవాలని. నేను పరిగెత్తి వెళ్ళి రమ్మన్నాను.

"పెసిరెంటు బావుగారు కూకున్నారు గదే," అంది బొండపల్లామె. "నానెలాగొస్తాను?"

ఆ ఊరి వరసల్లో ప్రెసిడెంటు గారు వాళ్ళలో సగం మందికి బావగారు, మిగతావాళ్ళకు మావగారు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్న గదిలోకి వాళ్ళు అడుగుపెట్టరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకు కనిపించేటట్టే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి బయటికి వెళ్ళి నిలబడండి అని ఆయనతో చెప్పగలిగినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే, మాస్టారూ, మా నాన్నా. పాతపట్నం అక్క గుమ్మం దాకా వచ్చింది. చెంగు కళ్ళ మీదికి లాక్కుని, గుమ్మం చెక్క పట్టుకుని, కాలు ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది. లోపలికి వచ్చింది సన్నాసి తల్లి ఒక్కతే, ఆ వయసులో ఆమెకు ఎవరూ బావగారు కారు.

"మీ పేరేమిటమ్మా?" అన్నాడు అధికారి.

"సన్నాసి తల్లిని బాబూ."

"మీ సొంత పేరు."

"అదే గదా సెప్పినాను."

"ఏం పుస్తకాలు చదువుతారు?"

"నాను సదవను. ఇంతాను."

ఆయన రిజిస్టరు పేజీలు తిప్పాడు. బొండపల్లామె, చిన్నకోడలు, రాజు పెళ్ళాం. భర్త పేర్ల వరసంతా ఖాళీ. "ఇది ఊరి పేరు కదా, సంతకం గడిలో ఊరి పేరెందుకు రాశారు?" అన్నాడు. అది సంతకమేనండీ, ఆవిడ ఇక్కడే నేర్చుకుందండీ అన్నాను. ప్రెసిడెంటు గారు నవ్వాడు. అధికారి నవ్వలేదు. "హెడ్మాస్టారి భార్య అని ఉంది. ఏ హెడ్మాస్టరు?" అని అడిగాడు.

మా నాన్న ఆయనకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. మా అమ్మ పెరట్లో నూతి చప్టా పక్కన నిలబడి ఉంది. మా నాన్న చేతిలో ఉన్న పేపరు మడత విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు ఊళ్ళో హెడ్మాస్టరు ఒక్కడేనని. అధికారి ఇంకొంచెంసేపు ఆగి, రిజిస్టరు మూసి, నాతో నెమ్మదిగా, "ఇవి పేర్లు కావు కదమ్మా. వీటితో నేను పైకి ఏం రాయను?" అన్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక మా నాన్నను అడిగాను. "నలుగురిలో మీ అమ్మ పేరెలా ఎత్తుతాను?" అన్నాడు. పేరు ఎత్తమని ఎవరడిగారు, నా భార్యే అంటే సరిపోయేది కదా అన్నాను. "పెద్దమనుషుల ముందు ఇంటి ఆడదాన్ని రచ్చలోకి లాగను" అని స్నానానికి వెళ్ళిపోయాడు. మా అమ్మ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. మర్నాటి నుంచి పెరటి గుమ్మానికి లోపలి నుంచి గడియ. సన్నాసి తల్లి నాలుగు రోజులు వచ్చి ఆ మెట్టు మీదే కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్ళింది. లోపల చీట్ల చప్పుడు వినపడుతుంటే, "ఈళ్ళు ఏటి సదువుతన్నారో" అనేది. ఐదో రోజు రాలేదు. పాతపట్నం అక్కకు నేను ఇంట్లో చదువు చెబుతానన్నాను. వాళ్ళ అత్తగారు గుమ్మంలోనే నన్ను నిలబెట్టి, కోడలికి తీరిక లేదని పంపించేసింది. మా నాన్న పోయేవరకు నేను ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను, మందులిచ్చాను, పక్కన కూర్చున్నాను. ఆ మధ్యాహ్నానికి మాత్రం ఆయన్ని క్షమించలేదు.

ఇన్నేళ్ళు ఈ కథ నేను ఇలాగే చెప్పుకున్నాను. ప్రెసిడెంటు తప్పు, మాస్టారి తప్పు, మా నాన్న తప్పు. తెల్లకాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, రెండేళ్ళు రోజూ ఎదురుగా కూర్చుని చదివి వినిపించిన మనుషుల్లో మా అమ్మ తప్ప ఒక్కరి పేరు కూడా నాకు తెలియదని. పేరు అన్న గడి గీసింది నేను. అందులో రాసింది నేను. ఒక్కరోజు కూడా, అది కాదు వదినా, మీ అమ్మ నిన్నేమని పిలిచేది అని అడగలేదు. రెండు రోజులు ఆలోచించి, రిజిస్టరులో రాసినట్టే సన్నాసి తల్లి, బొండపల్లామె అని వరసగా రాసి లైబ్రేరియన్ అమ్మాయికి ఇచ్చాను. ఆ పిల్ల చదివి, మొహమాటంగా నవ్వి, "ఇవి పేర్లు కావు కదమ్మా" అంది.

సన్నాసి మనవడికి బస్టాండు దగ్గర సెల్ ఫోన్ల దుకాణం ఉంది. మీ ముత్తవ్వ పేరేమిటి నాయనా అని అడిగితే, "ముత్తవ్వేనండి" అన్నాడు. బొండపల్లామె వాళ్ళ ఇల్లు ఇప్పుడు ఎవరిదో. కరణం గారి వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు. మిగిలింది పాతపట్నం అక్క. ఎనభై దాటింది, చూపు మందగించింది, మనవరాలి దగ్గర ముందుగదిలో మంచం మీద ఉంటుంది. నా గొంతు గుర్తుపట్టింది. "సదువులమ్మ వచ్చీసింది. ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అని మంచం మీద చోటు చూపించింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండు వీధుల అవతల ఉంటూ నేను ఎప్పుడు వచ్చానో నాకే గుర్తు లేదు.

విషయం చెప్పి, నీ పేరేమిటి అక్కా అన్నాను. మనవరాలు లోపల్నుంచి, "రేషన్ కార్డులో ఉంది కదండీ, అప్పలమ్మ" అంది.

"అది నాను కాదు," అంది అక్క. "కార్డులు రాసినోడు వచ్చి పేరేటి అంటే నాను లోపలున్నాను. వీధిలో ఎవులో సెప్పీసినారు. ఆ వరసలో ముగ్గురికి అదే పేరు ఎట్టినాడు. అది ఎయ్యకు."

"మరి నీ పేరు?"

"మా అమ్మెట్టిన పేరూ మా అత్త పేరూ ఒకటే. ఈ ఇంటికి వచ్చిన్నాడే తీసీసినారు. ఇంకేదో ఎట్టినారు, దాంతో ఎవులూ పిలవనేదు. పాతపట్నం అంటే సరిపోయింది."

"అదే అక్కా, మీ అమ్మ పెట్టిన పేరు. అది చెప్పు. రాసుకుంటాను."

ఆమె నా వైపు మొహం తిప్పింది. "అత్త పేరు కోడలు పలుకుతాదేటే?"

అత్తగారు పోయి నలభై ఏళ్ళు దాటింది అక్కా అన్నాను. ఇప్పుడు ఎవరు వింటారు అన్నాను. నా చెవిలో చెప్పు అన్నాను. పెదాలు కదిపింది. నేను వంగాను. ఏమీ రాలేదు. ఊపిరి వచ్చింది, అంతే. "రాదే," అంది. "నోటికి అలవాటు పోయింది. పాతపట్నం అని ఏసీ. నాను రాసింది అదే గదా." గాలిలో వేలితో మెల్లగా 'పా' అని దీర్ఘంతో సహా రాసి చూపించింది.

శనివారం సాయంత్రం ఆ కాగితం ఇచ్చి వచ్చాను, మా అమ్మ పేరు, నా పేరు, పాతపట్నం అక్క. ఎందుకు అలా రాయాల్సి వచ్చిందో వివరంగా రెండు పేజీలు కూడా రాసి జతచేశాను. సంచిక వచ్చింది. అట్ట మెరుస్తోంది. రెండో పేజీలో ఆ వాక్యం నిజంగానే మార్చారు. "కొంతకాలం మధ్యాహ్నం పూట మహిళల కొరకు ప్రత్యేక విభాగం నడిపినప్పటికీ, స్త్రీవిద్యాభిమాని అయిన అప్పటి హెడ్మాస్టరు గారి ప్రోత్సాహంతో ఆయన ఇంటి మహిళలు ఇద్దరు తప్ప మరెవరూ రానందున దానిని మూసివేయడమైనది." పక్కన మా నాన్న ఫొటో వేశారు. ఎక్కడ సంపాదించారో తెలియదు. చేతిలో మడిచిన పేపరు ఉంది.

నాకు రెండు కాపీలు ఇచ్చారు. ఒకటి పాతపట్నం అక్క కోసం అడిగి తీసుకున్నదే. మనవరాలు రెండుసార్లు ఫోను చేసింది, సంచిక వచ్చిందా అని మామ్మ అడుగుతోందట. రాలేదని చెప్పాను. తీసుకెళితే ఆమెకు కనపడదు, నన్నే చదవమంటుంది. ఆమెకు ఏదైనా చదివి వినిపించాల్సింది ఎప్పుడూ నేనే.